జెనోవాలో గిటార్ ఎక్కడుంది?

ఇటలీలో మిలాన్ నుంచి జెనోవా రైల్లో రెండు గంటల్లోపే, ఆదివారం పొద్దున్నే బయల్దేరాం నేనూ మా ఆవిడా. పగనీని వాయించిన వయొలిన్, నలుపు తెలుపు చారల శాన్ లోరెంజో చర్చి, రేవు దగ్గర లాంతెర్నా లైట్‌హౌస్, అన్నీ చూశాం గానీ నేను చెప్పాలనుకున్నది సాయంత్రం సంగతి.

పాత ఊరి ఇరుకు సందుల్లో నిలబడి ఫరినాతా తింటున్నాం, శనగపిండి నీళ్ళలో కలిపి ఆలివ్ నూనె వేసి పెద్ద రాగి పళ్ళెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు, మన శనగపిండి అట్టుకి దగ్గర చుట్టం. అప్పుడు వినపడింది, ఎక్కడో పదిమంది కలిసి పాడుతున్నట్టు, కింద గిటార్ మోగుతున్నట్టు. పాట వెంటే వెళ్తే సందు చివర తొమ్మిదిమంది మగవాళ్ళు, అందరూ వయసు మీదపడ్డవాళ్ళే, గుండ్రంగా భుజం భుజం ఆనించి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూస్తూ పాడుతున్నారు, మాకు కనపడేవి వీపులే. గిటార్ మాత్రం ఎక్కడా లేదు. చుట్టూ తిరిగొచ్చి చూస్తే ఒకాయన చెయ్యి పెదాలకి అడ్డం పెట్టుకుని నోటితోనే తీగలు మీటుతున్నారు, ఇంతసేపూ మేం విన్నది ఆయన గొంతునే! ఒళ్ళు జల్లుమంది నిజంగా.

దీన్ని ట్రల్లలేరో అంటారట. నోటితో గిటార్ పలికించే గాయకుణ్ణి కితార్రా అనే పిలుస్తారు, అంటే గిటారే. పైన ఒకాయన సన్నటి దొంగగొంతుతో ఆడవాళ్ళ స్థాయిలో పాడతారు, అడుగున నాలుగైదు బేస్ గొంతులు తంబూరాలా పట్టి నిలబెడతాయి, వాటి మధ్య ఆ గిటార్ గొంతు తాళం తప్పకుండా పరిగెడుతుంది. భాష కూడా జెనోవా వాళ్ళ సొంత యాస, ఇటాలియన్ వచ్చిన నాకే సగం అర్థం కాలేదు.

పక్కనున్న పెద్దాయన చెప్పిందాన్ని బట్టి ఇది రేవులో మూటలు మోసినవాళ్ళు, ఫ్యాక్టరీ కార్మికులు పని దిగాక సారా కొట్టుల్లో పాడుకున్న పాట. రేవు కూలీని అక్కడ కమల్లో అంటారు, మన హమాలీ ఏ అరబీ మాట నుంచి వచ్చిందో ఇదీ అందులోంచే, అది తెలిశాక ఆ వీపులు నాకు విశాఖ రేవులో చూసిన వీపుల్లానే అనిపించాయి. 1954లో అలన్ లోమాక్స్ అనే అమెరికన్ ఇక్కడికొచ్చి ఈ పాటలు రికార్డ్ చేశాడు కాబట్టి అప్పటి గొంతులు ఇప్పటికీ వినొచ్చు, తప్పకుండా వినండి.

ఏడున్నర రైలుకి టైమైపోతోంది. ఇంకొక్క పాట విని వెళ్దామండీ అని మా ఆవిడే అంది.