ఆబోతు నడుము పడ్డ చోటి నుంచి పిల్లుల గుహ దాకా

డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్లో వెస్ట్‌పోర్ట్ రైలెక్కితే ఆత్లోన్ దగ్గర షానన్ నది దాటుతాం. ఐరిష్‌లో ఆ ఊరు 'ఆ లూయిన్'. 'ఆ' అంటే కాలినడకన నది దాటగలిగే చోటు. ఐర్లండ్ ప్రాచీన వీరగాథ 'టాయిన్' చివర గోధుమరంగు ఆబోతు తెల్లకొమ్ముల ఆబోతును చంపి, దాని ముక్కల్ని కొమ్ములకు తగిలించుకుని ఇంటిదారి పడితే, నడుము భాగం ఇక్కడ జారిపడిందట. 'లూయిన్' ఆ నడుమే. మేం వెళ్తున్నది ఆ కథ మొదలైన చోటికి, మేవ్ రాణి కొలువున్న, ఇప్పుడు రాత్‌క్రోఘన్ అంటున్న క్రూఖన్‌కి.

రాస్‌కామన్‌లో దిగి, రోడ్డు మీద ఉత్తరంగా సుమారు 20 కి.మీ. పోతే టల్స్క్. రాత్‌క్రోఘన్ సందర్శకుల కేంద్రం అక్కడే. గుహ ఒక రైతు భూమిలో ఉంది కాబట్టి కేంద్రంవారి గైడ్‌ని ముందే మాట్లాడుకోవాలి.

రాత్‌క్రోఘన్ దిబ్బ అడ్డకొలత దాదాపు 90 మీటర్లు, ఎత్తు ఆరుకు లోపే. ఎక్కి చూస్తే పచ్చికా గొర్రెలే. దాని చుట్టూ 360 మీటర్ల వెడల్పున్న కందకపు వలయం ఉందని భూభౌతిక సర్వేలో తేలింది. కంటికి మాత్రం ఆనదు. ఇక్కడ పేర్లు తెలియకుండా తిరిగితే సగం చూడనట్టే.

గుహ పేరు 'ఊవ్ న గాట్', పిల్లుల గుహ. పిల్లి 'కాట్', బహువచన షష్ఠిలో 'న' తర్వాత క కాస్తా గ అవుతుంది. దగ్గర్లోని వలయాకారపు మట్టికోట 'రాత్ న దారవ్', ఎద్దుల కోట. ఎద్దు 'తారవ్', త ద అయింది. కూరగాయ, తల్లిదండ్రులు అనే మనకి ఇది కొత్తగా అనిపించదు, కారణం వేరైనా సరే: అక్కడ ఒకప్పటి అనునాసిక ప్రత్యయం అరిగిపోతూ వదిలిన జాడ అది. బోర్డు మీది ఇంగ్లీషు 'ఓవేనగాట్' చెవికి వినబడినట్టు రాసుకున్నదే.

రబ్బరు బూట్లు, పాడైనా పర్వాలేదనుకునే బట్టలు, తలకు కట్టుకునే లైటు తప్పనిసరి. ఫోన్ లైటు పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది; బురద జారుడులో రెండు చేతులూ కావాలి. ముందు రాళ్లు పేర్చి కట్టిన ఇరుకు సొరంగంలో పాకాలి. ఆ తర్వాత సహజమైన సున్నపురాతి చీలిక. మొత్తం 37 మీటర్ల దాకా ఉంటుంది. సావిన్ పండుగ రాత్రి, అంటే అక్టోబరు 31న, అవతలి లోకం ఈ నోటి గుండానే తెరుచుకుంటుందని పాత కథలు.

చాలామంది కింద బురద చూసుకుంటూ పాకి, తలపైన దూలంరాయిని వదిలేస్తారు. దాని అంచున ఓఘమ్ లిపి ఉంది, రాతి అంచు మీద గీతలతో రాసే పాత ఐరిష్ లిపి అది. లైటు ఎదురుగా వేస్తే గీతలు కనబడవు, పక్క నుంచి వాలుగా వేయాలి. నిలువురాయి మీద ఈ లిపిని కింది నుంచి పైకి చదువుతారు. ఇది తెచ్చి అడ్డంగా పేర్చిన పాతరాయి గనుక పక్కకి చదవాలి: 'వ్రైక్కి మకి మెద్వి'. మెద్వ్ కొడుకు ఫ్రైఖ్‌ది అని అర్థం. ఇందులోని 'మెద్వి' మేవ్ రాణి పేరేనని గట్టిగా చెప్పేస్తుంటారు గానీ చివరి 'ఇ' పుంలింగ షష్ఠి, మగవాడి పేరుకు వచ్చేది. మూలం మాత్రం రెండింటికీ ఒకటే, మత్తెక్కించే తేనె సారా. మన 'మధువు' దానికి చుట్టమే.