అదే 600 మంది: నా పీహెచ్‌డీ డేటా అనుభవం

విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీకి నేను ఎంచుకున్న ప్రశ్న చూడ్డానికి చిన్నదే. పిల్లలు ఇంటి దగ్గర చదువుకునే సమయానికీ, లెక్కల్లో వాళ్లకొచ్చే మార్కులకూ సంబంధం ఎంత? ప్రతిపాదన పట్టుకుని వెళ్తే మా గైడ్ అడిగిన మొదటి మాట, "600 మంది సరేనమ్మా, ఎన్ని తరగతుల నుంచి?" తరగతికి 30 మంది చొప్పున 20 తరగతులు అనుకుంటున్నానన్నాను. ఆయన కాగితం తీసి వేసి చూపించిన లెక్కే ఆ తర్వాత నా పనంతటినీ నడిపింది.

ఒక తరగతి పిల్లలకు టీచర్ ఒకరే, పాఠం ఒకటే. కాబట్టి వాళ్ల మార్కులు కూడా కొంతవరకు ఒకే తీరుగా ఉంటాయి. ఆ పోలికను కొలిచే ఇంట్రాక్లాస్ కోరిలేషన్ 0.2 అనుకుందాం. ఈ పోలిక వల్ల సమాచారం ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పే లెక్క ఇది: 1 + (30 − 1) × 0.2 = 6.8. సగటు మార్కును అంచనా వేసేటప్పుడు 600ను 6.8తో భాగిస్తే వచ్చేది సుమారు 88. అంటే 600 మందిని అడిగినా, ఒకరితో ఒకరికి సంబంధం లేని 88 మంది ఇచ్చేంత సమాచారమే దక్కుతుంది. అదే 600 మందిని 40 తరగతుల నుంచి, తరగతికి 15 మంది చొప్పున తీసుకుంటే ఆ 88 కాస్తా సుమారు 158 అవుతుంది. తిరుగుడు ఎక్కువైనా సరే, 40 తరగతులకే వెళ్లాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ప్రశ్నావళిని ముందు ఒక చిన్న బృందం మీద పరీక్షించాం. "రోజూ ఇంట్లో ఎంతసేపు చదువుతావు?" అన్న ప్రశ్న దగ్గర ఒక అమ్మాయి పెన్ను ఆపి, "హోంవర్క్ రాయడం కూడా చదవడమేనా మేడమ్?" అని అడిగింది. పక్కనున్న అబ్బాయి అప్పటికే రెండు గంటలని రాసేశాడు. దేన్ని కలుపుకుని రాశాడో ఎవరికి తెలుసు! ఆ ప్రశ్నను రెండుగా విడగొట్టాను: నిన్న బడి నుంచి వచ్చాక హోంవర్క్‌కు ఎంతసేపు, అది కాకుండా చదువుకి ఎంతసేపు. "రోజూ" అంటే పిల్లలు తమకు మంచిదనిపించిన అంకె వేస్తారు, "నిన్న" అంటే గుర్తుతెచ్చుకుని రాస్తారు. "మీ టీచర్ అర్థమయ్యేలా, ఆసక్తిగా చెబుతారా?" అనే ప్రశ్ననూ తీసేశాను. అర్థమయ్యేలా చెప్పినా ఆసక్తి కలిగించని టీచర్ విషయంలో పిల్లవాడు ఏ గడిలో టిక్ పెట్టాలి?

రోల్ నంబర్లతో లాటరీ తీసి పిల్లల్ని ఎంచుకున్నాం. టెన్షన్ అంతా ఆ రోజు బడికి రానివాళ్ల గురించే. వాళ్ల బదులు పక్కవాళ్లను కూర్చోబెడతామని కొందరు టీచర్లు సాయం చేయబోయారు. నేను ఒప్పుకోలేదు. తరచూ బడి మానే పిల్లల్ని వదిలేస్తే మిగిలేది బాగా చదివేవాళ్ల లెక్కే. ఆ రోజు రానివాళ్ల కోసం మళ్లీ వెళ్లాను. అప్పటికీ దొరకనివాళ్లను దొరకనివాళ్లుగానే నమోదు చేశాను.

డేటా ఎంట్రీలో సున్నానూ ఖాళీనీ వేరుగా ఉంచడం ప్రాణప్రదం. నిన్న అసలు చదవలేదన్నవాడికి 0. జవాబే రాయనివాడికి 999 అని కోడ్ ఇచ్చి, అది జవాబు లేనిదని సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ పిల్లవాడు 999 నిమిషాలు చదివినట్టు సగటులో చేరిపోతాడు.

ఇక అసలు ఘట్టం, ఫలితాలను చదవడం. 600 మందిలో సహసంబంధం (రెండు అంశాలు కలిసి నడిచే తీరుకు కొలత, సున్నా అంటే సంబంధం లేనట్టు) 0.10 మాత్రమే ఉన్నా, మామూలు గణాంక పరీక్షలో పి-విలువ (నిజంగా సంబంధమే లేకపోయినా యాదృచ్ఛికంగా కనీసం ఇంత బలమైన ఫలితం వచ్చే అవకాశం) 0.05 కంటే కిందికే వస్తుంది. చాలామంది అక్కడితో సంబరపడి రాసేస్తారు, నాకు అది బాధ కలిగిస్తుంది. 0.10ను వర్గం చేస్తే 0.01, అంటే మార్కుల్లోని హెచ్చుతగ్గుల్లో చదివే సమయంతో ముడిపడేది 1 శాతమే. పైగా ఆ పరీక్ష 600 మందినీ ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లుగా లెక్కేస్తుంది. అందుకే తరగతిని కూడా లెక్కలోకి తీసుకునే బహుళస్థాయి నమూనా (మల్టీలెవెల్ మోడల్) వాడాను. నా డేటాలో తరగతి సగటుల మధ్య సంబంధం గట్టిగా ఉంది, ఒకే తరగతిలోని పిల్లల మధ్య మాత్రం బలహీనంగా ఉంది. ఈ తేడాను సామాజిక శాస్త్రవేత్త రాబిన్సన్ 1950లోనే చూపించాడు. అమెరికాలో విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ, కానీ మనుషుల్ని విడిగా చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్లలోనే నిరక్షరాస్యత కాస్త ఎక్కువ. తరగతుల గురించి తేలినదాన్ని పిల్లవాడికి అంటగట్టకూడదని నా థీసిస్‌లో ఒక అధ్యాయమే రాశాను.

వైవాలో (థీసిస్ మౌఖిక పరీక్షలో) పరీక్షకులు, "అయితే పిల్లల్ని ఇంకో గంట చదివిస్తే మార్కులు పెరుగుతాయా?" అని అడిగారు. ఒకే సమయంలో తీసుకున్న డేటాతో ఆ మాట అనలేనని, మార్కులు బాగా వస్తున్నందుకే చదువుతుండవచ్చని, తల్లిదండ్రుల చదువు రెండింటినీ నడిపిస్తుండవచ్చని చెప్పాను. వాళ్లు కోరిన మార్పు ఒక్కటే. దొరకని పిల్లలు ఏయే తరగతుల్లో ఎంతమందో చూపే పట్టికను అనుబంధంలో చేర్చమన్నారు. చేర్చి ఇచ్చాను.