నల్లరంగు కింద మెరూన్

నాన్న పాత బైకు పెట్రోల్ ట్యాంకుని వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే ఉప్పుకాగితం) రుద్దుతుంటే నల్లరంగు కింద నుంచి మెరూన్ తేలింది, ఇంకాస్త మెల్లగా రుద్దితే దాని అంచునే సన్నగా బంగారు గీత కూడా! అక్కడే ఆపేసి నాన్నని కేకేశా.

కళ్లజోడు పెట్టుకుని వచ్చి ఆ గీత మీద వేలితో రాసి చూసి "ఇదేరా దీని అసలు రంగు, నువ్వు పుట్టకముందు మీ అమ్మని ఎక్కించుకుని బ్యారేజీ మీంచి మంగళగిరి వెళ్లినప్పుడు ఇలాగే ఉండేది" అన్నారు. అమ్మ వంటింట్లోంచే "ఎండకి సీటు కాలిపోయేది, అది కూడా చెప్పండి" అంది.

బండి యెజ్డీ 250. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు 1973 నుంచి ఆ పేరుతో తీశారు, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. కిక్ రాడ్డే తిప్పి పెడితే గేర్ రాడ్డు, ఒక్క సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు, ఎంత ఆలోచించి చేశారో అనిపిస్తుంది పార్టులు విప్పుతున్న కొద్దీ.

ఇంజన్ గురించి బెంగ లేదు, గేర్ ఆయిల్ ఇంజన్‌లోకి పోకుండా ఆపే క్రాంక్ సీలు పోయి ఆయిల్‌ని లోపలికి లాగేసి తెల్లపొగ వస్తోంది, ఆటోనగర్‌లో చేయించేస్తా. రంగు సంగతే వేరు. కొత్త బండిలా తళతళలాడించాలని నిన్నటిదాకా అనుకున్నా గానీ ఇప్పుడు ఆ గీత ఉన్న ముక్క చెరపబుద్ధి కావట్లేదు, దాన్ని అలాగే ఉంచి మిగతాదంతా దాని షేడ్‌కే మ్యాచ్ చేయించాలి.

స్టిక్కర్ లైన్ మాత్రం వద్దు. బెజవాడలో బ్రష్‌తో చేత్తో లైనింగ్ గీసే పాతకాలం పెయింటర్లు ఎవరన్నా తెలిస్తే చెప్పండి, ట్యాంకు పట్టుకుని నేనే వెళ్తా.