తల పైకెత్తి నడవవలసిన వీధి

జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు సాల్జ్‌బర్గ్ ఒక్క రోజు ప్రయాణమే. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రమంతా తిరగడానికి ఇచ్చే బవేరియా రోజు టికెట్టు ఆస్ట్రియా సరిహద్దు దాటి ఆ స్టేషను వరకూ చెల్లుతుంది కనుక, శనివారం పొద్దున్న రైలు పెట్టెలో ఎక్కడో ఒకచోట తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. తమ్ముడి ఇంట్లో దిగిన నేను కూడా ఆ దారినే వెళ్లాను. కొండ మీది కోట, మిరాబెల్ తోట అందరూ చూసేవే, నేనూ చూశాను. నన్ను పట్టి నిలిపింది మాత్రం గెట్రైడెగాస్సె అనే ఇరుకు వీధి.

మొదట ఆ వీధి నాకు చిరాకే తెప్పించింది. తొమ్మిదో నంబరు పసుపు రంగు ఇంట్లో, మూడవ అంతస్తులో, 1756 జనవరి 27న సంగీతకారుడు మోజార్ట్ పుట్టాడు. ఆ గుమ్మం ముందు ఫొటోల కోసం నిలబడిన జనాన్ని తప్పించుకుని నాలుగడుగులు వేయడమే కష్టమైంది. అద్దాల వెనుక ఉన్న బట్టలు, చెప్పులు, సెంటు సీసాలు హైదరాబాదు మాల్స్‌లో దొరికేవే. ఇంత దూరం వచ్చింది వీటికోసమా అనుకుంటూ, గుంపులో కదలలేక తల పైకెత్తాను.

పైన మరో వీధి ఉంది. ప్రతి దుకాణం గోడ నుంచి వీధి మీదికి చాచుకుని ఒక ఇనుప బోర్డు వేలాడుతోంది: తీగల్లా మెలితిరిగిన కమ్మీలు, బంగారు పూత పూసిన ఆకులు, దండలు, వాటి నడుమ ఒక తాళంచెవో, బూటో, గొడుగో. చదువు రానివారు కూడా బొమ్మను చూసి ఏ దుకాణమో పోల్చుకునే కాలంలో ఈ పద్ధతి మొదలైంది. ఆశ్చర్యమేమిటంటే నిన్న మొన్న వచ్చిన అంతర్జాతీయ కంపెనీలు కూడా ఇక్కడ ఆ మర్యాదనే పాటించాయి. మెక్‌డొనాల్డ్స్ వారి అక్షరం కూడా పాతకాలపు ఇనుప చట్రంలో, పక్కనున్న బోర్డులతో కలిసిపోయి వేలాడుతోంది.

ఇది దుకాణదారుల అభిరుచి వల్ల మాత్రమే నిలిచింది కాదు. పాత పట్టణాన్ని కాపాడడానికి సాల్జ్‌బర్గ్ 1967లోనే ప్రత్యేక చట్టం చేసుకుంది. యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది ఆ తర్వాత చాలా కాలానికి, 1996లో. ఆ బోర్డుల వరుసను చూస్తుంటే నాకు మన పత్తర్‌గట్టీ గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. చార్మినార్‌కు వెళ్లే దారిలో అంత అందమైన రాతి కమానులను కట్టుకుని, వాటి మీద ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ బోర్డులు బిగించి, రాయి కనబడకుండా చేసుకున్నాం. వ్యాపారం ఆగకుండానే వీధి అందం నిలబెట్టుకోవచ్చని ఇక్కడ కళ్లెదుట కనిపిస్తోంది. అది మనవల్ల కాని పని అంటే నేను ఒప్పుకోను.

ఇళ్ల ముఖాలు సన్నగా ఉన్నా లోపలికి చాలా పొడుగు. కొన్నిటి కిందుగా కమానుల దారులున్నాయి. వాటిలో దూరితే చిన్న ముంగిళ్ల మీదుగా వెనక వీధిలో తేలతాం. అలా ఒక దారిలోంచి యూనివర్సిటీ చౌకులోకి వచ్చేసరికి, కూరగాయలు, రొట్టెలు, పూలు అమ్మే సంత, దాని పక్కనే ఫిషర్ ఫాన్ ఎర్లాహ్ నిర్మించిన తెల్లని కొలేజియన్ చర్చి ఎదురయ్యాయి. గుంపు అంతా ముందు వీధిలోనే ఉండిపోయింది. ఊరివాళ్లు సంచులు పట్టుకుని బేరాలు చూసుకుంటున్నారు. గెట్రైడెగాస్సెలో ఒక కప్పు కాఫీకి ఐదు యూరోలకు పైగా, అంటే మన రూపాయల్లో ఐదు వందలకు దగ్గరగా, ఇచ్చిన బాధ ఈ సంతలో కొన్న వేడి సాసేజీ, రొట్టెతో కొంత తీరింది.

వెళ్లేవారు దుకాణాలు తెరవకముందే ఆ వీధికి చేరుకోవాలని నా సలహా. అద్దాలు చూడాలనే తొందర ఉండదు, ఎవరూ భుజం తగిలించరు, ఒక్కొక్క బోర్డు కింద ఎంతసేపైనా నిలబడవచ్చు. కొనుగోళ్లు చేయాలనుకునేవారు మాత్రం ఆదివారం పెట్టుకోకండి. ఆస్ట్రియాలో ఆ రోజు చాలా దుకాణాలు మూసి ఉంటాయి.