రికార్డు ప్లేయర్ నుంచి మంచి సౌండ్ రప్పించే ముచ్చట

సంక్రాంతి తర్వాత

టర్న్‌టేబుల్ సెకండ్‌హ్యాండ్‌దే. కొనేటప్పుడు ముఖ్యంగా చూసింది టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) వెనుక బరువు తిప్పుకునే వీలుందా అని. సూట్‌కేసులా మూత తెరిచే చవక ప్లేయర్లలో ఆ వీలు సాధారణంగా ఉండదు. దీనికి ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈ కార్ట్రిడ్జ్ ఉంది, అంటే ముల్లు కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న భాగం. యాంప్లిఫయర్, స్పీకర్లు ఇంట్లో ఉన్న పాతవే.

నేరుగా యాంప్లిఫయర్ ఆక్స్ ఇన్‌పుట్‌లో పెట్టి చూస్తే గొంతు పల్చగా, బేస్ లేకుండా వచ్చింది. వస్తుంది మరి. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తే, ఈ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 4 మిల్లీవోల్టులు. పైగా రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే గాడులు వెడల్పై పాటలు పట్టవు. ఆ తేడాను మళ్లీ సరిచేసేది ఫోనో ప్రీయాంప్. చిన్న డబ్బా ఒకటి విడిగా తెచ్చాను.

అది పెట్టగానే పాట నిండుగా వచ్చింది, వెనకాలే గుయ్‌మనే హమ్ కూడా. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్న ఎర్త్ వైరును ప్రీయాంప్ స్క్రూకు బిగిస్తే చాలావరకు పోయింది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు మాత్రం సన్నగా జుయ్‌మంటుంది. మాది చవక ఇన్వర్టర్, అప్పుడు పాటలు బంద్.

శివరాత్రి దాకా

అసలు పని ముల్లు రికార్డు మీద మోపే బరువు దగ్గరే. యాంటీ-స్కేట్ (ఆర్మ్ మధ్యకు లాగకుండా ఆపే సర్దుబాటు) సున్నాకు పెట్టి, ముల్లు కవర్ తీసి, ఆర్మ్‌ను ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) పక్కన గాలిలో వదలాలి. వెనుక బరువును కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఒకచోట ఆర్మ్ పైకీ పోదు, కిందికీ దిగదు, తక్కెడ ముల్లులా నిలుస్తుంది. బరువు కదలకుండా అంకెల రింగును మాత్రం సున్నాకు తేవాలి. తర్వాత రెండూ కలిపి 2 దాకా తిప్పాలి. ఈ కార్ట్రిడ్జ్‌కు కంపెనీ చెప్పేది 1.8 నుంచి 2.2 గ్రాములు. రింగు అంకెలను నేను పూర్తిగా నమ్మను. ముల్లు కింద పెట్టే చిన్న డిజిటల్ తూకం ఖరీదైనదేం కాదు, తప్పక కొనుక్కోండి. చివరగా యాంటీ-స్కేట్ కూడా 2 దగ్గర పెట్టాను.

తక్కువ బరువైతే రికార్డు అరగదని చాలామంది అనుకుంటారు. నిజానికి ముల్లు గాడిలో ఎగురుతూ గోడలను ఎక్కువ దెబ్బతీస్తుంది. 'స', 'శ' అక్షరాలు చిరిగినట్టు వినిపిస్తే ముందు బరువు చూడండి. ఒక వైపు చివరి పాటలోనే అలా వస్తే కార్ట్రిడ్జ్ కోణం చూడాలి. లోపలి గాడుల్లో ముల్లు కింద రికార్డు కదిలే వేగం బయటి అంచుతో పోలిస్తే సగం కూడా ఉండదు, అందుకే కోణం తేడా అక్కడ బయటపడుతుంది. ఆ కోణం సరిచూసే గీతలున్న ప్రొట్రాక్టర్ కాగితం జిరాక్స్ షాపులో తీయిస్తే 'ఫిట్ టు పేజ్' వద్దని గట్టిగా చెప్పండి. స్కేలుతో కొలిచాకే వాడండి.

ఉగాది వరకు

కాజీపేటలో మా ఇల్లు పట్టాలకు దగ్గర. గూడ్స్ బండి పోతుంటే స్పీకర్‌లో బేస్ పలికే వూఫర్ కోన్ లోపలికీ బయటికీ ఊగేది. గ్రానైట్ షాపులో మిగిలిన కరీంనగర్ రాయి ముక్క, దాని కింద వాషింగ్ మెషిన్ రబ్బరు కాళ్లు పెట్టాను. స్పీకర్లను వేరే స్టూళ్ల మీదికి మార్చాను. ప్లాటర్ మీద బుడగ లెవెల్ పెట్టి సమం చేశాను. ఊగడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

జుమేరాత్ బజార్ నుంచి తెచ్చిన ఎల్పీ పెడితే మా బాపు విని, "గిట్ల కరకరమంటదేందిరా, నూనెల వడ్డదా?" అన్నడు. కడిగాను. బోరు నీళ్లు ఆరితే ఉప్పు మిగులుతుంది కాబట్టి బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడాను. యాసిడ్ కలిసింది ఇవ్వకుండా చూసుకోవాలి. అందులో గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి బ్రష్. లేబుల్ తడవకుండా గాడుల వెంట గుండ్రంగా రుద్ది, మళ్లీ ఉట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నిలబెట్టి నీడలో ఆరబెట్టాను. దుమ్ము చప్పుడు పోయింది, గీతల చప్పుడు ఉంది. అది పోదు.

ఎండలు ముదిరాయి. రికార్డులన్నీ పడమటి గోడ నుంచి తీసి లోపలి గదిలో నిలువుగా పెట్టాను. ఒకదాని మీద ఒకటి పేరిస్తే వేడికి వంగిపోతాయి. ఇంట్లో ఉన్న 78 ఆర్పీఎం లక్క రికార్డుల జోలికి ఇంకా పోలేదు. వాటి గాడి వెడల్పు, ఈ ముల్లు పనికిరాదు. ఇదే కార్ట్రిడ్జ్‌కు తగిలించే, 78 రికార్డుల కోసం చేసిన ఎస్పీ ముల్లు విడిగా వస్తుంది, డబ్బులు చూసుకుని దసరాకు తెప్పించాలి.