వెనక ఎవరో అరిచారు

బైనారల్ రికార్డింగ్‌లో, అంటే మన రెండు చెవులూ అక్కడే ఉండి విన్నట్టు చేసే రికార్డింగ్‌లో, నాకు పాట కంటే జనమే ఎక్కువ నచ్చారు. అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ 1978లో న్యూయార్క్ బాటమ్ లైన్ క్లబ్బులో ఇచ్చిన కచేరీ అది, ‘టేక్ నో ప్రిజనర్స్’. రాత్రి బ్రాడీపేటలో మా మేడ మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. వెనక ఎవడో అరిస్తే నిజంగానే తల తిప్పి చూశాను. బట్టలు తీస్తున్న పిన్ని “ఎవర్రా?” అంది.

ఇలాంటి రికార్డింగ్ కోసం మనిషి తల ఆకారంలో బొమ్మ చేసి, దాని చెవుల్లో మైకులు పెడతారు. కుడి పక్కన చప్పుడైతే ఎడమ చెవికి అది సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ ఆలస్యంతో, మధ్యలో తల అడ్డు కాబట్టి కాస్త పలచబడి చేరుతుంది. మెదడుకి దిక్కు పట్టడానికి ఆ కాస్త తేడా చాలు.

లూ రీడ్ అయితే పాట ఆపి మరీ జనాన్ని తిడతాడు. మన దగ్గరైతే కుర్చీలు లేచేవి!

లోపం లేదని కాదు. ఎదురుగా ఉండాల్సిన గొంతు ఒక్కోసారి నా తల లోపలే వినిపించింది. ఆ బొమ్మ చెవులూ నా చెవులూ ఒకటి కావు కదా. తమ్ముడి మాట విని స్పీకర్లో పెడితే మాయ మొత్తం పోయింది. రెండు వైపుల శబ్దమూ రెండు చెవుల్లోనూ కలిసిపోతుంది మరి.

చెవుల్లో పెట్టుకునే చిన్న బైనారల్ మైకులు కూడా దొరుకుతాయి. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల మధ్య నిలబడి రికార్డ్ చేయాలని ఉంది. శివరాత్రికి ఎవరైనా వస్తారా?