వెనక టైరు లోపలి అంచు

ఏడాది కిందట కారు కడుగుతూ వెనక ఎడమ చక్రం లోపలివైపు పేరుకున్న మట్టి తీద్దామని చెయ్యి పెట్టాను. వేలికి సూదిలా ఏదో గుచ్చుకుంది. కింద పడుకుని టార్చ్ వేసి చూస్తే అంచున రబ్బరే లేదు, స్టీలు తీగలు బయటికి వచ్చేశాయి. అదే టైరుకి బయటి వైపు గాడి లోతు కొలిస్తే 5 మిల్లీమీటర్లుంది. పక్కన నిలబడి చూస్తే ఇంకా బోలెడు దూరం తిరగగల టైరు. ముందు రోజు రాత్రే వానలో, హైవే మీద, ఆ టైరుతోనే వచ్చాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నాది రియర్ వీల్ డ్రైవ్ కారు, అంటే ఇంజన్ తిప్పేది వెనక చక్రాల్నే. వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పు, కాబట్టి ముందువి వెనక్కి మార్చుకునే వీల్లేదు. పట్టు కోసం మెత్తటి రబ్బరు వాడతారు, తొందరగా అరుగుతాయని తెలిసే కొన్నాను. 25,000 కిలోమీటర్లు వస్తే చాలనుకున్నాను. 12,000కే ఇలా అయింది.

టైర్ల షాపులో చూడగానే "క్యాంబర్ సార్, ఈ కార్లన్నీ ఇంతే" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. ఇలాంటి కార్లలో వెనక చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలి ఉంటుంది, ఆ వాలే క్యాంబర్. నా కారుకి అది దాదాపు 2 డిగ్రీలు. మలుపులో కారు పక్కకి ఒరిగినప్పుడు బయటి టైరు రోడ్డుకి సరిగ్గా ఆనడానికే ఆ వాలు. తిన్నగా వెళ్తున్నప్పుడు మాత్రం లోపలి అంచు మీద బరువు ఎక్కువ పడుతుంది. అయినా అదొక్కటే ఇంత త్వరగా తీగలు బయటపెట్టదు. చక్రం వాలి ఉన్నా దొర్లుతూనే ఉంటుంది కదా.

టైరుని నిజంగా తినేసేది టో. పైనుంచి చూస్తే చక్రం కారు వెళ్లే దిక్కుకే చూస్తోందా, పక్కకి తిరిగి ఉందా అన్నది. 0.3 డిగ్రీల తేడా కంటికి ఆనదు. లెక్క వేస్తే మాత్రం చక్రం ప్రతి కిలోమీటరుకీ 5 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతున్నట్టు. 12,000 కిలోమీటర్లకి 60 కిలోమీటర్ల పైమాటే. అప్పటికే బరువంతా మోస్తున్న లోపలి అంచుని అలా రోడ్డుకేసి రుద్దితే ఏం మిగులుతుంది? దీన్ని చేత్తో కూడా పట్టుకోవచ్చు. టైరు రోడ్డుకి ఆనే ట్రెడ్ మీద అడ్డంగా అరచెయ్యి రాస్తే ఒక వైపుకి నున్నగా, తిరుగు దిశలో రంపం పళ్లలా తగులుతుంది. నా పాత టైరు అలాగే తగిలింది.

కొత్త టైర్లు వేయించి, నాలుగు చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించాను. ప్రింటౌట్‌లో అన్నీ ఆకుపచ్చే, అంటే కొలతలన్నీ హద్దుల్లోనే. నిశ్చింతగా ఉన్నాను. 3,000 కిలోమీటర్ల తర్వాత, ఈసారి కావాలనే, కింద పడుకుని గేజ్ పెట్టాను. ఎడమ టైరు గాడి లోతు బయట 7.0 మిల్లీమీటర్లు, లోపల 5.5.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోతోందని కాదు, తప్పెక్కడో తెలియక.

మర్నాడు వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన మెషిన్ జోలికే పోలేదు. కారు పైకెత్తి, వెనక చక్రాన్ని బాడీకి కలిపే ట్రెయిలింగ్ ఆర్మ్ దగ్గర ఇనుప కడ్డీ పెట్టి ఒక్కసారి నొక్కాడు. ఆర్మ్ కదిలింది. దాని కీలు దగ్గర మెత్తలా ఉండే బుష్‌లో రబ్బరు చీలిపోయి ఉంది. "నిలబడిన బండికి కొలత కరెక్టే వస్తుంది సార్, బ్రేక్ వేస్తే చక్రం బయటికి తిరిగిపోతోంది" అన్నాడు. తర్వాత కొలిచి చూపిస్తే ఎడమ వెనక చక్రం 0.3 డిగ్రీలు బయటికి ఉంది. మొదటిసారి ఆకుపచ్చలో ఉన్న చక్రమే! చీలిన బుష్ ఒక చోట నిలవదు, ఇవాళ సరిచేసింది రేపు ఉండదు. లూజు చూడకుండా అలైన్‌మెంట్ చేసినవాళ్ల మీద నాకు కోపం ఇంకా పోలేదు. మెషిన్ కంటే ముందు ఆ కడ్డీ రావాలి.

రెండు వైపులా బుష్‌లు మార్పించాను. టైర్లలో గాలి సరిచేశాక అలైన్‌మెంట్ మళ్లీ చేశాడు. ఆకుపచ్చ గీతల మధ్య ఎక్కడున్నా చాలని వదిలెయ్యకుండా, ఎడమ కుడి చక్రాలకి టో ఒకేలా వచ్చేదాకా తిప్పించాను. ఒకటి ఈ చివర, ఇంకొకటి ఆ చివర ఉన్నా మెషిన్ ఆకుపచ్చే చూపిస్తుంది, కారు మాత్రం కాస్త పక్కవాటంగా నడుస్తుంది. క్యాంబర్ తగ్గించమంటారా అని అడిగితే వద్దన్నాను. మలుపులో ఈ కారు నిలబడే తీరు చూసే కొన్నాను, దాని కోసం లోపలి అంచు కాస్త ముందు అరిగినా ఫర్వాలేదు.

ఆ టైర్లతోనే ఇంకో 6,000 కిలోమీటర్లు తిరిగాను. మొన్న ఆదివారం కొలిచాను. ఎడమ టైరు బయట 6.0, లోపల 4.4. బుష్ మార్చేనాటికి రెండు అంచుల మధ్య తేడా 1.5. ఇప్పుడు 1.6.